ప్రతి గేటు దగ్గరా ఆగిన రైలు

నా చిన్నప్పుడు మేము అమెరికాలో, నేపర్‌విల్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. నాకు పదేళ్ళు నిండిన వేసవిలో నాన్న ఉద్యోగం పక్క రాష్ట్రంలో ఉన్న నోవై అనే ఊరికి మారింది. బయల్దేరే ముందు రోజు, వీధిలో అందరికీ చెప్పి రమ్మని అమ్మ నన్ను పంపింది. నేను మాత్రం పక్కింటి ఐరిష్ తాతయ్య గరాజ్‌లోకి వెళ్ళి కూర్చున్నాను. చెబితే ఏడుపొస్తుంది, చెప్పకుండా వెళ్ళిపోతే ఏ బాధా ఉండదని నా ఆలోచన. ముఖ్యంగా ఎదురింట్లో ఉన్న నా స్నేహితురాలి ముఖం చూడలేననిపించింది.

నా గోడు విని తాతయ్య నన్ను లేవమనలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, తన తండ్రి డ్రైవరుగా పనిచేసిన ఒక చిన్న రైలు కంపెనీ సంగతి చెప్పారు.

ఐర్లండ్‌లో వాళ్ళ ఊరి వైపు రైలు వేయడానికి పెద్ద కంపెనీలేవీ రాలేదట. అప్పుడు చుట్టుపక్కల రైతులూ, దుకాణాలవాళ్ళూ తలా కొంత వేసుకుని తామే ఒక కంపెనీ పెట్టుకున్నారు. కొండల మధ్య సన్నటి పట్టాలు, రెండే ఇంజన్లు. పొద్దున పాల క్యాన్లు, సంత రోజున పశువులు, ఆదివారం చర్చికి వెళ్ళే జనం. గుడ్లబుట్టతో ఏ ముసలావిడైనా పరుగున వస్తుంటే బండి ఆమె కోసం ఆగేది. వేళకు నడిచిన రోజులు తక్కువేనని తాతయ్య నవ్వారు. అసలే లాభాలు ఎరగని ఆ కంపెనీ, బస్సులూ లారీలూ వచ్చాక ఇక నిలవలేకపోయింది.

మూసేసే రోజున ఊరంతా రైలెక్కింది. తాతయ్య కూడా ఎక్కారు, అప్పటికి ఆయనా చిన్నపిల్లాడే. ఆ సాయంత్రం వాళ్ళ నాన్న పట్టాల పక్కనున్న ప్రతి పొలం గేటు దగ్గరా బండి ఆపాడు. ఎవరింటి ముందు వాళ్ళను దింపి, తానూ దిగి, చేతులు పట్టుకుని మాట్లాడి మరీ కదిలాడు. దారంతా ఏడుస్తూనే ఉన్నాడట. అయినా ఒక్క గేటు కూడా వదల్లేదట.

అంత ఏడుపొస్తుంటే మరి ఆగడం ఎందుకని అడిగాను.

"పట్టాలు పీకేశారు. ఇంజన్లు పాత ఇనుము కింద పోయాయి. మావాళ్ళు ఇప్పటికీ చెప్పుకునేది ఆ సాయంత్రం గురించే," అన్నారాయన. "ఆగకుండా పోయుంటే మాకు అదీ మిగిలేది కాదు."

మర్నాడు పొద్దున తాతయ్య తన లాన్‌లో నిలబడి ఉన్నారు. ముందు ఆయన దగ్గరికే వెళ్ళాను. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కారెక్కాక నాన్నను అడిగాను.

"నాన్నా, ప్లీజ్, ఎదురింటి దగ్గర ఒక్కసారి స్టాప్ చెయ్యవా?"

"లాంగ్ డ్రైవ్ ఉందమ్మా, లేట్ అయిపోతుంది," అంటూనే నాన్న ఆపారు.

నా స్నేహితురాలు తలుపు తీసింది. మెట్ల మీదే ఒకరినొకరం పట్టుకుని ఏడ్చాం. ఆ తర్వాత ఇంకొన్ని ఇళ్ళ దగ్గర ఆగాం. చివరి ఇంటి ముందు నాన్నే నాకంటే ముందు కారు దిగారు.

నాకిప్పుడు మనవలున్నారు. ఊళ్ళు మారాను, ఉద్యోగాలు మారాను, ఎక్కడి నుంచీ చెప్పకుండా రాలేదు. నాన్న ఆఖరి రోజుల్లో ఆయనకు మాట పడిపోయాక కూడా, ఆస్పత్రి నుంచి బయల్దేరే ప్రతిసారీ చెయ్యి పట్టుకుని వెళ్ళొస్తానని చెప్పేదాన్ని. ఒక మధ్యాహ్నం అదే ఆఖరుసారి అయింది. తలచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది. కానీ ఆ రోజు కూడా చెప్పే వచ్చాను.