కుడివైపుకు పోని బొటనవేలు

కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబ్‌లో పదకొండేళ్ళుగా ఆమె పక్క బల్ల నాది. ఇంట్లో ఆమెను పిట్ట అంటారు. విని విని మేమూ అలాగే పిలుస్తాం. మనిషి పిట్టలా ఏమీ ఉండదు. ఆ పేరు పెట్టింది వాళ్ళ బావ. ఆదివారం మధ్యాహ్నాలు ఆ ఇద్దరూ టీవీ ముందు చేరి ఒక కొట్లాట గేమ్ ఆడతారు. అందులో పిట్ట బొమ్మ నేలమీద నిలబడేది తక్కువ. ఎగరడం, గాల్లోనే తన్నడం, కాలు ఆనీ ఆనకముందే మళ్ళీ ఎగరడం. బావ సిటీ బస్సు డ్రైవరు, నిదానస్తుడు. "కాస్త కిందికి దిగి కొట్టవే పిట్టా, పైకి చూసి చూసి మెడ పట్టేస్తోంది" అని బతిమాలేవాడు. అక్క వంటింట్లోంచే ఇద్దరికీ కలిపి అక్షింతలు వేసేది: "ఒకరికి ముప్పై ఆరు, ఇంకొకరికి నలభై ఐదు. చెప్పుకుంటే సిగ్గుచేటు."

ఆ ఆట గురించి నాలుగు ముక్కలు చెప్పకపోతే పిట్టకు పట్టుకున్న భయం అర్థం కాదు. శూన్యంలో వేలాడే అరుగు మీద రెండు బొమ్మలు కొట్టుకుంటాయి. అవతలి బొమ్మను అరుగు దాటించి పడేస్తే గెలుపు. చేత పట్టుకునే కంట్రోలర్ మీద బొటనవేళ్ళతో వంచే రెండు చిన్న పుల్లలుంటాయి, వాటినే స్టిక్‌లంటారు. గాల్లో ఉండి కొట్టడానికి రెండు పద్ధతులున్నాయి. ఎడమ స్టిక్‌ను ఒక పక్కకు వంచి బటన్ నొక్కితే ఆ పక్కకు దెబ్బ పడుతుంది. కాని బొమ్మను నడిపేదీ ఆ స్టిక్కే కాబట్టి, కొట్టిన వైపుకే బొమ్మ కూడా జరిగిపోతుంది. రెండోది, దెబ్బలన్నీ కుడి స్టిక్‌కి మార్చుకోవడం. అప్పుడు ఎడమ బొటనవేలు బొమ్మను ఒకవైపు నడుపుతుంటే, కుడి బొటనవేలు ఇంకోవైపు కొట్టొచ్చు. పిట్ట రెండోది ఎంచుకుంది. కుడి వేలు స్టిక్ వదలనక్కర్లేకుండా ఎగిరే పనిని చూపుడువేలి కింది బటన్‌కి మార్చుకుంది. చెయ్యి అలవాటు పడటానికి రెండు నెలలు పట్టిందిట. ఆ తరవాత ఆమెకంటూ ఒక దెబ్బ తయారైంది: ఎగిరి, ఎడమవైపుకు వెనక్కి జారుతూ, కుడివైపుకు కాలు చాచి తన్నడం. అవతలివాడు చెయ్యెత్తేసరికి ఆమె అక్కడ ఉండదు.

ఒక ఆదివారం ఆ దెబ్బ పడలేదు. బొమ్మ ఎగిరింది, వెనక్కి జారింది, కాలు మాత్రం చాచలేదు. ఊరికే వచ్చి నేలమీద నిలబడింది. బావ ఒక్క గుద్దుతో అరుగు దాటించాడు. ఇంకో రౌండులో నాలుగుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లు పడింది. ఆరు వారాల్లో ఊరి హాల్లో టోర్నమెంటు ఉంది. బావ ఇద్దరి పేర్లూ రాయించాడు. స్టిక్ అరిగిపోయిందనుకుని పిట్ట మర్నాడు పని అవగానే కంట్రోలర్ పట్టుకుని రిపేరు కొట్టుకు వెళ్ళింది.

కొట్టాయన దాన్ని తన కంప్యూటర్‌కి తగిలించాడు. తెరమీద ఒక గుండ్రం, మధ్యలో తెల్ల చుక్క. ఆయన స్టిక్ ఎటు వంచితే చుక్క అటు పరుగెత్తి అంచును తాకింది. పైకి, కిందికి, ఎడమకు, కుడికి.

"బానే ఉందమ్మా. మీరోసారి తిప్పండి."

పిట్ట తిప్పింది. పైకి తాకింది. ఎడమకు తాకింది. కుడికి నెట్టింది. చుక్క సగం దాటి ఆగిపోయింది. ఇంకాస్త బలంగా నెట్టింది. చుక్క అక్కడే వణికింది.

"స్టిక్‌కి ఏం కాలేదు," అన్నాడాయన నెమ్మదిగా. "చేతికేమన్నా దెబ్బ తగిలిందా?"

ఆమె కంట్రోలర్ సంచిలో వేసుకుని బయటికొచ్చేసింది. బస్టాపు బల్లమీద కూర్చుని రెండు చేతులూ ఒళ్ళో పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది. ఎడమచేతికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉబ్బెత్తుగా ఉంది. కుడిచేతికి అదే చోట చిన్న గుంట.

ఆ గుంట ఆమెకు తెలుసు. వాళ్ళ నాన్న షాపులకు బోర్డులు రాసేవాడు. అరవయ్యో ఏట కుంచె జారడం మొదలైంది. వయసన్నాడు, రంగు చిక్కగా ఉందన్నాడు. ఒకరోజు చెయ్యి చాపి, "ఇక్కడ లోతుగా లేదూ?" అని కూతుళ్ళకు చూపించాడు. కండలు కరిగించే నరాల జబ్బుకు అది మొదలు. చేతి తరవాత భుజం, ఆ తరవాత కాళ్ళు, చివరికి మింగడం. రెండేళ్ళు అక్కాచెల్లెళ్ళు వంతులు వేసుకుని చెంచాతో తాగించారు. తెలివి మాత్రం ఆఖరిరోజు దాకా చెక్కుచెదరలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టేది. ఆయన అన్నీ తెలిసి చూస్తూ ఉండిపోయాడు.

పిట్ట ఎవరికీ చెప్పలేదు. ఇంటికెళ్ళి కంట్రోలర్ సెట్టింగులు మార్చింది. కుడి స్టిక్ వదిలేసి, ఎడమ స్టిక్కూ బటనూ కలిపి కొట్టే పాత పద్ధతికి వచ్చింది. రెండు రోజుల తరవాత ఎగిరే బటన్ మార్చింది. ఇంకో రెండు రోజులకు స్టిక్ పైకి నెడితేనే ఎగిరేలా పెట్టింది. దాంతో పైకి కొడదామనుకున్నప్పుడల్లా బొమ్మ అనవసరంగా ఎగిరిపడేది. అది కూడా తీసేసింది. పొద్దున్న పనికి బయల్దేరే ముందు పదినిమిషాలు ఒంటరిగా కూర్చుని ఒక్కో అమరికా పరీక్షించేది. "వేళ్ళను ఏదో ఒక పద్ధతిలో పెడితే అది కనిపించకుండా పోతుందేమోనని," అని తరవాత నాతో అంది. "నాకు తెలుసు, అది గేమ్‌లో లేదని. అయినా మారుస్తూనే ఉన్నా."

నేనూ చూశాను. మైనంతో పంటి ఆకారం చెక్కేటప్పుడు ఆమె చెయ్యి మా అందరికన్నా నిలకడ. అలాంటిది కత్తిని పిడికిలితో పట్టుకుని గీస్తోంది. ఒకరోజు సీసా మూత రాకపోతే పంటితో పట్టుకుని లాగింది. చూసి ఊరుకున్నాను. అడిగితే ఏం చెబుతుందోనని నాకూ భయమే. వాళ్ళ నాన్న సంగతి నాకు తెలుసు.

మరో పది రోజులకు చిటికెనవేలు మొద్దుబారింది. ఉంగరపు వేలు ఒక పక్క జివ్వుమనేది. వ్యాధి ముదిరి వేళ్ళకు పాకిందనుకుంది. నీళ్ళు తాగేటప్పుడు గుటక సరిగా పడుతోందా అని లెక్కపెట్టుకునేది. ఒకసారి పొరబోతే స్నానాలగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి నేలమీద కూర్చుండిపోయింది.

బయటపెట్టింది బావ. ఆదివారం ఆట మధ్యలో కంట్రోలర్ కింద పెట్టేశాడు.

"ఏమైంది బావా? ఓడిపోతున్నావా?"

"గెలుస్తున్నా. అదే అర్థం కావట్లేదు." టీవీ వైపే చూస్తూ అన్నాడు. "నువ్వు వెనక్కి జారుతూ తన్నడం మానేసి మూడు వారాలైంది. కొట్టిన ప్రతిసారీ నా మీదికే వచ్చి పడుతున్నావు. అయిదేళ్ళ నుంచి నీ తన్నులు తింటున్నవాణ్ణి, నాకు తెలీదా?"

"కొత్త పద్ధతి నేర్చుకుంటున్నా."

"ఏదీ, చెయ్యి ఇటియ్యి."

ఆమె ఇవ్వలేదు. చెయ్యి చున్నీ కింద దాచుకుంది. ఆయన లాక్కోలేదు. వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "మీ అక్కకు చెప్పను. రేపు నాకు సెకండ్ షిఫ్టు. పొద్దున్నే ఆసుపత్రికి పోదాం" అన్నాడు.

"వాళ్ళు అదేనంటే?"

"అదేనంటే అప్పుడు ఇద్దరం కలిసి భయపడదాం. ఇప్పుడు నువ్వొక్కదానివే పడుతున్నావుగా."

నరాల డాక్టరు ఆవిడ పిట్ట కంటే చిన్నది. వాళ్ళ నాన్న కథంతా రాసుకుంది. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు. కాగితం ముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకోమని లాగింది. కుడిచేతిలోంచి కాగితం సులువుగా జారొచ్చింది.

"వేళ్ళలో తిమ్మిరి ఏమన్నా ఉందా?"

పిట్ట లేదందామనుకుంది. బావ కేసి చూసింది. "ఉంది," అని ఒప్పుకుంది. "చిటికెనవేలు అసలు నాది కానట్టుంటోంది. దాని పక్క వేలు సగం."

డాక్టరు కలం ఆపింది. "సగమా? ఎటువైపు సగం?"

"చిటికెనవేలి వైపు."

"మీ నాన్నగారికి ఇలా తిమ్మిరి ఉండేదా?"

పిట్ట ఆలోచించింది. రెండేళ్ళూ గుర్తుచేసుకుంది. బలం లేదనేవాడు, పట్టు లేదనేవాడు. కాని చివరిదాకా దుప్పటి మడత కూడా ఒంటికి తెలిసేది ఆయనకు. "లేదండీ. ఎప్పుడూ అనలేదు."

"పరీక్ష కాకుండా నేనేం చెప్పను. కాని మీరు తిమ్మిరి అన్నారు చూశారా, ఆ మాట నాకు నచ్చింది."

పరీక్ష గురువారం. మధ్యలోని రెండు రోజులూ పిట్ట ల్యాబ్‌కి వచ్చింది, ఒక్క పన్ను కూడా చెక్కలేదు. గురువారం మోచేతి దగ్గర, మణికట్టు దగ్గర కరెంటు తగిలిస్తే వేళ్ళు వాటంతటవే ఎగిరిపడ్డాయి. అది ఓర్చుకుంది. తరవాత సూది తీసుకుని చేతిలో గుచ్చారు. తరవాత ఎడమచేతిలో. తరవాత కాలి పిక్కలో. చెయ్యి బాగాలేదని వస్తే కాలితో ఏం పని? ఏం పనో ఆమెకు బాగా తెలుసు. ఇంకెక్కడెక్కడ ఉందో వెతుకుతున్నారు. పక్కనున్న యంత్రం చిటపటమంది. కాలు వదులుగా పెట్టమన్నారు. పెట్టింది. చప్పుడు ఆగి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దం మంచిదో చెడ్డదో ఆమెకు తెలియదు. గోడమీద వేసిన పచ్చరంగునే చూస్తూ పడుకుంది.

గంట తరవాత డాక్టరు బయటికే వచ్చి చెప్పింది. వాళ్ళ నాన్నకు వచ్చింది కాదు. మోచేతి ఒంపులో నరం నలిగిపోయింది. పదకొండేళ్ళుగా రోజంతా మోచెయ్యి బల్ల అంచుకు ఆనించి పళ్ళు చెక్కడం వల్ల కావచ్చు. ఆలస్యం చేశారు, నరాన్ని విడిపించడానికి చిన్న ఆపరేషన్ కావాలి, బలం పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను అంది.

పిట్టకు మొదటి వాక్యం తరవాత ఏమీ వినపడలేదు. బావ అన్నీ రెండోసారి అడిగి చీటీ వెనక రాసుకున్నాడు.

ఇంటికొచ్చి అక్కకు చెప్పారు. అక్క ఏడుస్తుందనుకున్నారు, తిడుతుందనుకున్నారు. అక్క చెల్లెలి చెయ్యి తీసుకుని ఆ గుంటమీద వేలు పెట్టి చూసింది. తరవాత తన చేతులు రెండూ చాపింది.

"నేను రోజూ లేవగానే చూసుకుంటా. నాన్న పోయిన దగ్గర్నుంచీ. మీ బావకు కూడా తెలీదు. నువ్వు చిన్నదానివి, నీకా ఆలోచనే రాదనుకున్నా."

"నువ్వూ చెప్పలేదుగా," అంది పిట్ట.

"చెప్తే నువ్వూ చూసుకోవడం మొదలెడతావని."

ఆపరేషన్ అయింది. టోర్నమెంటు రోజుకు ఆమె చేతికి కట్టు ఉంది. బావ ఒక్కడే వెళ్ళి మొదటి రౌండులోనే ఓడి తిరిగొచ్చాడు. ల్యాబ్‌లో మేం బల్ల అంచులన్నిటికీ మెత్త కుట్టించాం. ఆమె బల్లకు నేనే దగ్గరుండి వేయించాను. ముందే అడగలేదన్న బాధ నాకుంది.

ఎనిమిది నెలలకు మైనపుకత్తి వేళ్ళ మధ్య నిలిచింది. గుంట కొంత పూడింది, పూర్తిగా కాదు. బొటనవేలు బటన్‌ను కిందికి నొక్కగలదు. స్టిక్‌ను కుడివైపుకు నెట్టడం మాత్రం ఇంకా ఆలస్యమే. కాబట్టి ఎడమ స్టిక్, బటన్ పద్ధతినే ఈసారి ఎంచుకుని నేర్చుకుంది. కుడికి రెప్పపాటు వంచి బటన్ నొక్కి, దెబ్బ మొదలవగానే స్టిక్‌ను ఎడమకు తిప్పేయాలి. బొమ్మ వెనక్కి జారుతుంది, మునుపంత దూరం కాదు.

మరుసటి ఏడాది టోర్నమెంటుకు నన్నూ రమ్మంది. హాల్లో నేనూ బావా వెనక వరసలో కూర్చున్నాం. మొదటి ఆట గెలిచింది. రెండోదాంట్లో ఎగిరి, వెనక్కి జారబోయి, స్టిక్ తిప్పడం ఒక క్షణం ఆలస్యమై ఎదుటివాడి మీదికే వెళ్ళిపడి ఓడిపోయింది. లేచి వాడికి చెయ్యిచ్చి వచ్చి మా పక్కన కూర్చుంది.

"భయమేసిందా?" అడిగాను.

"ఓడిపోతానని వేసింది," అంది. "అది మామూలు భయమే." బావ దగ్గర నీళ్ళసీసా అందుకుని, మూత తానే తిప్పి, గుటక లెక్కపెట్టకుండా తాగింది.