చలిలో చెమటను చూసిన నర్సమ్మగారు

“దీదీ ఉఠత్ నఇ హే” అంటూ పాలు పోసే బాయి మా గుమ్మంలో నిలబడింది. దీదీ అంటే మన నర్సమ్మగారు. లేవడం లేదట. తలుపు కొట్టి కొట్టి చేతులు నొప్పెట్టాయట. మొన్న డిసెంబరు రెండో వారం, సాయంత్రం నాలుగు గంటల వేళ. మా వరండాలో క్రిస్మస్ పాటలు నేర్చుకుంటున్న వాళ్లంతా ఒక్కసారిగా ఆగిపోయారు. నేను చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెత్తాను.

పక్కింటివాళ్లు కిటికీలోంచి చెయ్యి పెట్టి గడియ తీశారు. నర్సమ్మగారు మంచం మీద పక్కకు ఒత్తిగిలి, చెంప కింద అరచెయ్యి పెట్టుకుని, భుజం దాకా శాలువా కప్పుకుని ఉన్నారు. భోంచేశారు, కంచం కడిగి బోర్లించారు, కాసేపు కునుకు తీద్దామని పడుకున్నారు, అలాగే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఇన్నేళ్లుగా మరణం గురించి గొంతు చించుకుని బోధించినవాణ్ణి, అంత నెమ్మదైన మరణాన్ని అప్పుడే మొదటిసారి చూశాను.

ప్రియులారా, మన రాయపూర్ తెలుగు సంఘంలో ఆమెను ఎరగని ఇల్లు లేదు. భీమవరం వైపు నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే మట్టిలో కలిశారు. పెళ్లి చేసుకోలేదు. తెల్లచీర, ఎద మీద తలకిందులుగా వేలాడే గడియారం, భుజానికి గుడ్డసంచి. నా సంగతి కూడా మీకు తెలుసు. నేను రైల్వేలో ఫిట్టర్ని. బైబిలు కాలేజీ గడప తొక్కినవాణ్ణి కాదు. డ్యూటీ దిగి, లాంతరు కింద ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ వాక్యం నేర్చుకున్నాను. నేర్చుకున్నదంతా నిప్పులా కురిపించేవాణ్ణి. నా ప్రసంగం ఊరవతల ధర్సీవా దాకా వినిపిస్తుందని ఎగతాళి చేసేవారు. నేను దాన్ని మెప్పు అనుకునేవాణ్ణి.

ఇప్పుడు నా పాపం ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. అది చెప్పకపోతే ఆమె ఎవరో మీకు తెలియదు.

ఇరవై ఏళ్లు దాటిపోయింది. ఆ సంవత్సరం పండుగకు ముందు ఇరవై ఒక్క రోజులు ఉపవాసం ప్రకటించాను. తెల్లవారింది మొదలు దీపాలు పెట్టేదాకా మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకూడదు. “డిసెంబరులో నిద్రపోయేవాడికి బేత్లెహేము చుక్క కనబడదు!” అని బల్ల గుద్ది చెప్పాను. సంఘం ఆమెన్ అంది. కానీ డిసెంబరంటే మన ఆడవాళ్లకు ఏమిటో ఆలోచించామా? ఇంటికి సున్నం వెయ్యాలి. బట్టలు కుట్టాలి. దీపావళికి మిఠాయి పంపిన ప్రతి హిందీ ఇంటికీ, ప్రతి ఛత్తీస్‌గఢీ ఇంటికీ మన పళ్లెం తిరిగి వెళ్లాలి. అరిసెలు, గులాబీ పువ్వులు, కేకు. పాటలు పాడుకుంటూ ఇల్లిల్లూ తిరిగే బృందం ఎప్పుడు గుమ్మంలోకి వస్తే అప్పుడు వేడిగా వడ్డించాలి. ఈ చాకిరీ అంతా చేస్తూ, ఆ నూనె వాసన పీలుస్తూ, కడుపు మాడ్చుకోమని చెప్పినవాణ్ణి నేను.

మా ఇంటావిడకు ఆ ఎండాకాలంలోనే షుగరు బయటపడింది. డాక్టరు మాత్రలు రాశాడు. ఉపవాసం మొదలైన రోజు ఆమె నన్ను అడిగింది.

“ఏమండీ, మాత్ర వేసుకుని ఏమీ తినకపోతే ఏమన్నా అవుద్దా?”

“ప్రార్థన చేసుకో” అన్నాను.

అంతే అన్నాను. బోధకుడి భార్య పగలు అన్నం తింటే జనం ఏమనుకుంటారన్నది నా మనసులో ఉంది. దాన్ని ప్రార్థన అనే మాటలో చుట్టి ఆమె చేతిలో పెట్టాను. ఆమె మాత్ర వేసుకుంటూనే ఉపవాసం ఉంది.

తొమ్మిదో రోజు సాయంత్రం పాటల బృందం మా వీధికి వచ్చింది. చలి గట్టిగా ఉంది. వీధి చివర సిగ్డీ కుంపటి చుట్టూ జనం చేతులు కాచుకుంటున్నారు. మా వాకిట్లో స్టూలు ఎక్కి నేను ప్రసంగం అందుకున్నాను. లోపల మా ఆవిడ మధ్యాహ్నం నుంచీ పొయ్యి ముందే ఉంది. నర్సమ్మగారు బృందంతో పాటు వచ్చి, మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లారు. తర్వాత లోపలి నుంచి వచ్చిన మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

“ఈ చలిలో చెమటేమిటే అమ్మాయ్?”

“కుఛ్ నహీ అక్కా. పొయ్యి సెగ.”

“పొయ్యి సెగకి చేతులు వణుకుతాయా?” ఆ వెంటనే, వీధంతా వినబడేలా, “బోధకా! ఆపు! లోపలికి రా!”

నా ప్రసంగాన్ని ఎవరూ ఎన్నడూ మధ్యలో ఆపలేదు. కోపంగానే లోపలికి వెళ్లాను. మా ఆవిడ గోడకు జారగిలబడి ఉంది. జాకెట్టు తడిసి ముద్దయింది. నేను దగ్గరికి వంగితే నా ముఖం కేసి చూసి, “నువ్వెవరు?” అంది. పరాచికం కాదు. నిజంగానే అడుగుతోంది. పద్నాలుగేళ్లు కాపురం చేసిన మనిషి!

నాకు తెలిసింది ఒక్కటే. చేతులు పైకెత్తి, గొంతెత్తి, సాతానును గద్దించడం మొదలుపెట్టాను.

“చెయ్యి దించు” అన్నారు నర్సమ్మగారు, నా వైపు చూడకుండా. అప్పటికే ఆమె చాయ్ కోసం పెట్టిన పంచదార డబ్బా బోర్లించి గ్లాసులో కలుపుతున్నారు. “తల పట్టుకో. ఇలా, ఎత్తుగా. నోటితో తర్వాత, ముందు చేతులతో ప్రార్థన చెయ్యి.”

తల పట్టుకున్నాను. ఆమె చెంచాతో కొంచెం కొంచెంగా పోస్తూ, గొంతు కదిలిందని చూశాకే రెండో చెంచా పోస్తున్నారు. “మింగు అమ్మాయ్. శభాష్. ఇంకొక్కటి.” ఎడమ చేతి రెండు వేళ్లు మా ఆవిడ మణికట్టు మీద ఉన్నాయి. బయట డోలక్ ఆగిపోయింది. ఆ కాసేపట్లో నాకు తెలిసిన వాక్యమంతా నన్ను వదిలి వెళ్లిపోయింది. ఆ రెండు వేళ్లు ఒక్కటే కనిపించాయి. నేను ఇన్నాళ్లూ అరిచి అరిచి పిలిచిన దేవుడు, ఆ వేళ్ల కింద టకటకా కొట్టుకుంటున్నాడా అనిపించింది.

కాసేపటికి మా ఆవిడ చూపు కుదుటపడింది. నన్ను చూసింది, పొయ్యిని చూసింది. “అయ్యో, అరిసెలు మాడిపోతున్నాయండీ!” అంది.

“మాడనీ. నువ్వు మాడలేదు, అది చాలు” అన్నారు నర్సమ్మగారు. పొయ్యి మీంచి మూకుడు దించారు.

రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. గ్లూకోజు సీసా ఎక్కించారు. ఇంకో అరగంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లమని డాక్టరు అన్నాడు. మర్నాడు వార్డు బయట బెంచీ మీద నర్సమ్మగారు నా పక్కన కూర్చున్నారు. తిడతారనుకున్నాను. ఆమె సంచిలోంచి అరటిపండు తీసి, తొక్క వలిచి, నా చేతిలో పెట్టారు.

“తిను.”

“ఉపవాసం అక్కా.”

“తమ్ముడూ, నీకు ఏలీయా అంటే ప్రాణం కదా. ఆకాశం నుంచి అగ్ని దింపిన ప్రవక్త. ఆ తర్వాత ఏమైంది? అడవిలోకి పోయి, ఒక చెట్టు కింద కూలబడి, చచ్చిపోతానన్నాడు. అప్పుడు దేవదూత వచ్చి ఆయనకి ఏమిచ్చాడు? ప్రసంగమా?”

ఆ భాగం మీద ఎన్నిసార్లు బోధించానో! అగ్ని దగ్గర మొదలుపెట్టి అగ్ని దగ్గరే ఆపేసేవాణ్ణి. దేవదూత నిద్రపోనిచ్చాడు. లేపి రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు. మళ్లీ పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. ఆ రొట్టె నా కంటికి ఎప్పుడూ ఆనలేదు.

“పండుగ దేని గురించి బాబూ? దేవుడు ఒళ్లు తొడుక్కున్నాడని కదా” అన్నారు ఆమె. “ఆయన కూడా తొడుక్కున్న చొక్కా ఇది. దాన్ని చింపుకుంటూ ఆయన పుట్టినరోజు చెయ్యకూడదు.”

ఇంతకంటే లోతైన క్రిస్మస్ సందేశం నేను వినలేదు, చెప్పలేదు. ఆ అరటిపండు తిన్నాను. ఏడుస్తూ తిన్నాను.

ఆ ఆదివారం సంఘం ముందు నా తప్పు ఒప్పుకుని ఉపవాసం ఎత్తేశాను. పెద్దల్లో ఒకాయన లేచి, దేవుడికి ఇచ్చిన మాట మధ్యలో విడవడం మహాపాపం అన్నారు. నర్సమ్మగారు వెనక బెంచీలోంచి, “అన్నా, మీ ఆవిడ ముఖం ఒక్కసారి తిరిగి చూసి, తర్వాత ఆ మాట అనండి” అన్నారు. ఆయన తిరిగి చూశారు. ఏం కనబడిందో ఏమో, కూర్చున్నారు.

అప్పటి నుంచి మన డిసెంబరు మారిపోయింది. మధ్యాహ్నం రెండింటికి ఆమె సంచి వేసుకుని బయల్దేరేవారు, రోజుకొక ఇంటికి. ఏ ఇంట్లో ఇల్లాలు పొయ్యి ముందుంటే ఆ ఇంట్లోకి నేరుగా వంటగదిలోకి. “గరిట ఇటియ్యి. నువ్వు అటు పడుకో.” గంటసేపు తనే గులాబీ పువ్వులు వేయించేవారు. మగాళ్లెవరైనా చాయ్ అడిగితే, “చేతులు లేవా నాయనా? దెబ్బ తగిలిందా? కట్టు కట్టమంటావా?” అనేవారు. పండుగకు ఆమె ఎవరికీ బహుమతులు ఇవ్వలేదు. నిద్ర ఇచ్చారు. మా ఆవిడ అనేది, ఆ గంటలో పట్టిన నిద్ర పుట్టింట్లో కూడా పట్టలేదని.

పాటల బృందం కష్టం వేరు. ప్రతి ఇంటా తినాలి. తినకపోతే ఆ ఇంటివాళ్లకు కోపం. ఇరవై నాలుగో తేదీ వచ్చేసరికి సగం మందికి కడుపులు చెడిపోయేవి. పండుగనాడు మన పాటలవాళ్లు గుడిలో కంటే దొడ్లో ఎక్కువసేపు ఉండేవారని ఆమె అందరి ముందూ అనేశారు. “ప్రభువు పుట్టాడని చెప్పడానికి పోతున్నారా, ఎవరి అరిసె మెత్తగా ఉందో చెప్పడానికా?” ఒక్క ఇంట తినండి, మిగతా ఇళ్లవి ఆసుపత్రిలో ఇంటికి పోలేని రోగులకు పట్టుకెళ్లండి అన్నారు. కోపం తెచ్చుకున్న ఇళ్లు కూడా ఆసుపత్రికని మూటలు కట్టి ఇచ్చాయి.

ఇంకొకటి చెప్పాలి. పండుగనాడు మొదటి పాట ఎవరు పాడాలని ఇద్దరు పెద్దలు పోట్లాడుకుంటున్నారు. చెయ్యి చేసుకునేదాకా వచ్చింది. నర్సమ్మగారు సంచిలోంచి బీపీ చూసే మిషను తీసి, “ముందు బీపీ, తర్వాత పోట్లాట” అంటూ ఒకాయన చేతికి పట్టీ చుట్టారు. “నూట ఎనభై! బావగారూ, మొదటి పాట ఇక్కడ పాడతారా, పరలోకంలోనా?” అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వేశారు. ఆ ఏడు మొదటి పాట రెండో ఆయన పాడారు. బావగారు పక్కన నిలబడి తాళం వేశారు.

ఆమె ప్రసంగం చేయగా నేను చూడలేదు. ప్రార్థన కూడా పెదవులు కదిలీ కదలనట్టే. నా గొంతు బొంగురు పోతే ఉప్పునీళ్లు కాచి తెచ్చి, “పుక్కిలించు. రేపు మాట్లాడకు. దేవుడికి నువ్వొక్కడివే కాదు, ఇంకా మనుషులున్నారు” అనేవారు. సోదరులారా, నేను ఇప్పటికీ నిప్పునే. కానీ నిప్పు మీద అన్నం కూడా వండుకోవచ్చని ఆ మనిషి దగ్గర నేర్చుకున్నాను.

భూస్థాపన రోజు జనం విరగబడ్డారు. మందిర్ హసౌద్, ఆరంగ్ లాంటి చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూడా వచ్చారు. ఆమె పురుడు పోసిన పిల్లల పిల్లలు వచ్చారు. గుంట దగ్గర నన్ను వాక్యం చెప్పమన్నారు. గంటకు సరిపడా సిద్ధం చేసుకున్నాను. మొదలుపెట్టేసరికే పొద్దెక్కింది. సగంలో ఉండగా సంఘ పెద్ద ఒకాయన చేతి గడియారం నా కంటపడింది. ఒంటిగంట దాటింది. మా ఆవిడ ఆడవాళ్ల గుంపులో నిలబడి ఉంది. అది ఆమె తినవలసిన వేళ.

“ఇంతే ప్రియులారా. ఆమెన్” అన్నాను.

జనం తెల్లబోయారు. నేను మా ఆవిడ చెయ్యి పట్టుకుని గేటు పక్కన రాతి మీద కూర్చోబెట్టాను. ఆమె తన బుట్టలోంచి చపాతీల మూట తీసి విప్పింది.

“ఇదేమిటమ్మా, స్నానం లేదు, చేతుల మట్టి కూడా వదల్లేదు. సమాధుల దొడ్లో తిండా?” అంది వరసకు పిన్ని అయ్యే ఒకావిడ.

“అవును పిన్నీ, ఇక్కడే. వేళయింది” అంది మా ఆవిడ, మొదటి ముక్క నోట్లో పెట్టుకుంటూ.

పిన్ని ఇంకేదో అనబోయి, గుంట వైపు చూసి, కొంగు సర్దుకుంటూ పక్కకు జరిగింది. గుంట తవ్విన ముసలాయన గడ్డపార పక్కన పడేసి, చేతిపంపు కొట్టి మా ఆవిడ చేతులు కడిగించాడు. “ఖా లే దాఈ, ఆరామ్ సే ఖా” అన్నాడు. తిను తల్లీ, నిదానంగా తిను అని. మా ఆవిడ కొంచెం ఎండలోకి జరిగి, రెండో చపాతీ సగానికి తుంచి ఆయన చేతిలో పెట్టింది. ఆయన రాతి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఇద్దరూ తొందర లేకుండా నములుతున్నారు. పంపు మూతి నుంచి ఒక్కొక్క చుక్కా ఇంకా రాలుతోంది. ఎక్కణ్ణుంచో ఒక గోరింక వచ్చి, ఆమె పాదాల దగ్గర పడిన తునకను ముక్కున కరుచుకుని, కదలకుండా అక్కడే నిలబడింది.