షాఫ్టుకి పట్టిన వణుకు

నౌపడ స్టేషను దారిలో ఇనుము చెక్కే ఉమాశంకర్ లేతు షాపుంది. మనిషి మంచివాడే గానీ, తన పనిలో తప్పుందన్న మాట చస్తే ఒప్పుకోడు. తండ్రి నడిపిన లేతునే ఇతనూ నడుపుతున్నాడు. స్క్రూడ్రైవరు ఒక కొస మిషనుకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని జబ్బేమిటో వింటాడు. మా భావనపాడు పడవలకి ఏం విరిగినా అతని దగ్గరికే పరుగు.

2016 దసరా వెళ్ళాక మా పడవకి కొత్త షాఫ్టు అతనే చేశాడు. ఇంజను నుంచి నీళ్ళలో తిరిగే ఫ్యాను దాకా వెళ్ళే ఇనప కడ్డీ అది. వణికింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ వణికింది. ఈసారి ఆ వణుక్కి షాఫ్టు చుట్టూ తొడిగే బుష్షు అరిగిపోయి పడవలోకి నీళ్ళొచ్చేశాయి. మా ఆయన లక్ష్ముడు నడిసముద్రంలో ఇంజను ఆపేసి, నీళ్ళు తోడుకుంటూ కూర్చుంటే వేరే పడవవాళ్ళు లాక్కొచ్చి ఒడ్డున పడేశారు. అయినా బుద్ధుందా? తెల్లారితే వేటకెళ్ళిపోతానంటాడు! నాకు కడుపు మండిపోయింది. మూడో షాఫ్టు నా కళ్ళ ముందే చెయ్యాలని పొద్దున్నే వెళ్ళి షాపులో కూర్చున్నాను.

ఒక కొస చెక్కాడు. కడ్డీ తిప్పి పట్టించి రెండో కొస చెక్కాడు. కడ్డీ తిన్నగా తిరుగుతోందో లేదో చూపే డయల్ గేజీ ఆనిస్తే ముల్లు గెంతింది. బుష్షు తొడిగితే ఒక పక్క బిగుతు, ఇంకో పక్క వదులు.

"మీ ఇంజను బిగింపులో తేడా ఉన్నాది అక్కా," అన్నాడు.

"ఇక్కడ ఇంజనేదిరా? నీ మిషను మీదే గెంతుతన్నాది, సూడు!"

బేరింగులు కదిపాడు, పనిముట్టు మార్చాడు, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని విన్నాడు. ముల్లు గెంతుతూనే ఉంది. అవతల లక్ష్ముడు ఫోను మీద ఫోను. ఇది తేలకపోయినా ఆ మొండి మనిషి వణికే పాత షాఫ్టుతోనే వెళ్ళిపోతాడని నాకు తెలుసు.

"వేసవిలో వేరే పడవకి సేసిన షాఫ్టు బాగానే ఉన్నాది కదా తమ్ముడా. ఆ తరవాత దీనికి ఏటి సేసినావు?"

"ఏటీ సెయ్యలేదు. దసరాకి ఊడదీసి, కడిగి, పూజ సేసినాం."

అంటూనే ఆగిపోయాడు. కడ్డీని పట్టుకునే చక్కును విప్పాడు. మిషనుకి ఆనుకునే వెనక అంచు మీద పసుపు ఎండి పెంకు కట్టి ఉంది. అతని భార్య ఝాన్సీలక్ష్మి భక్తి కొద్దీ లోపలా బయటా పూసేసింది. ఆ పెంకు మీద చక్కు ఒరిగి కూర్చోవడంతో కడ్డీ తిప్పి పట్టించగానే రెండో కొస పక్కకి పోతోంది.

"అమ్మవారి పసుపు అక్కా. తియ్యడానికి సెయ్యి రావట్లేదు," అన్నాడు.

నాకూ జంకు పుట్టింది. ఆడదాన్ని, పసుపు తుడవడమా! కానీ నీళ్ళు తోడుతున్న నా మొగుడు కళ్ళ ముందు మెదిలాడు. కిరసనాయిలు గుడ్డ లాక్కున్నాను.

"తల్లీ, నీకు దండం. ఆడు ఇంటికి రావాలనే తుడుస్తన్నాను," అని అంచంతా రుద్దేశాను.

కొత్త కడ్డీ పెట్టి మళ్ళీ చెక్కాడు. ముల్లు కదల్లేదు. బుష్షు సాఫీగా జారింది. "తప్పు నాదే అక్కా," అన్నాడు ఉమాశంకర్. ఆ మాట విని నాకు ఏడుపొచ్చేసింది.

మర్నాడు పడవ నెట్టే ముందు, కొత్త షాఫ్టు కదా, లక్ష్ముడు అలవాటుగా పసుపు ముద్ద కలిపి బుష్షు దగ్గరికి వంగాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"పడవ ముక్కుకి రాసుకో. మిగిల్తే నా మొహానికి రాసుకుంటాను. దానికి ముట్టించినావంటే సంపేస్తాను!"