పక్కన పరిచిన చాప

శివరాత్రి ముందు రోజు శ్రీముఖలింగానికి ఒక్కడినే నడిచి వెళ్తున్నాను. ఎడమ మడమ బొబ్బలెక్కి అడుగు పడటం లేదు. దారిలో సత్రం, బడి వరండా అన్నీ భక్తులతో నిండిపోయాయి. పొద్దు వాలుతుంటే ఒక పెంకుటింటి ముందు ఆగాను. నేను చోటు అడిగేలోపే అరుగు మీదున్న ముసలమ్మ పిలిచింది.

"ఏటలా సూస్తన్నావు బాబూ, రా. ఎడంకాలు కుంటుకుంటా ఒకాయన వస్తాడని మా ముసలోడు సెప్పాడు. చాప ఏసి ఉంచాను."

కాళ్లకు వేడినీళ్లు తెచ్చిన కోడలిని అడిగాను, "మీ మావగారు ఎక్కడమ్మా?"

ఆమె గొంతు తగ్గించింది. "మావ పోయి పదకొండేళ్లయింది బాబూ. ఏటా ఈ రోజు అత్తకి వచ్చి సెప్తాడంట. సెప్పిన మనిషి రాని ఏడు లేదు."

వెళ్లిపోదామన్నా ఆ కాలితో ఎక్కడికని వెళ్లను?

అన్నం పెట్టాక ముసలమ్మ గది చూపించింది. అక్కడ రెండు చాపలున్నాయి.

"రెండోది ఎవరికమ్మా?"

"ఆయనకే. పొద్దుటి నుంచీ నీ పక్కనే నడిసొచ్చాడు గదా, అలిసిపోయుంటాడు," అంది మామూలుగా.

ఆ చాపకు కాలు తగలకుండా, గోడవైపు ఒదిగి పడుకున్నాను.