సాక్షి మామయ్య చేతిలో నా రెజ్యూమే

సాక్షి లేనిదే మా మామయ్య దేన్నీ నమ్మడు. ఆయన గురించి ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతాది మీరే ఊహించుకోవచ్చు. కోర్టులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. కోర్టు ఆయన్ని వదిలింది గాని, ఆయన కోర్టుని వదల్లేదు.

"బయట వాన దంచేస్తోంది మామయ్యా" అంటూ ఒకరోజు ముద్దగా తడిసి వాళ్ళింటికి వచ్చాను.

"సాక్షి ఎవరు?"

"నేనే! ఎలా తడిశానో కనబడటంలేదా?"

"తడవడానికి వానే పడక్కర్లేదమ్మా. కొళాయి కింద నిలబడ్డా తడుస్తారు."

ఎదురింటి దర్జీని కిటికీలోంచి కేకేసి, వాన సంగతి రూఢి చేసుకున్నాకే నాకు తువ్వాలు ఇచ్చాడు. ఈలోగా నేను నాలుగు తుమ్ములు తుమ్మాను. వాటికి మాత్రం సాక్షి అడగలేదు, స్వయంగా విన్నాడు కాబట్టి.

అత్తయ్య వంటచేసి "ఉప్పు సరిపోయిందా?" అని అడిగితే ఆయన గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్తాడు. ఒక్కరి మాట మీద తీర్పు చెప్పడం పద్ధతి కాదట. "మా పెళ్ళికి సాక్షి సంతకాలు పెట్టినవాళ్ళు ఎదురుపడితే కడిగి పారేద్దును" అంటుంది అత్తయ్య.

అలాంటి మనిషి చేతిలో నా రెజ్యూమే పడింది.

నేను తొమ్మిదేళ్ళు ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో ముందు కౌంటర్ చూసుకున్నాను. ఒక ఉదయం వెళ్ళేసరికి తలుపుకి తాళం, యజమాని ఫోను స్విచాఫ్. ఉద్యోగం పోయిందని నలుగురికీ చెప్పుకోవాలంటే తల కొట్టేసినట్టుండేది. పైగా, ఇన్నేళ్ళలో నువ్వేం చేశావని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఇంతలో ఊళ్ళో పెద్ద ఆసుపత్రి ఒకటి రిసెప్షన్‌కి మనిషి కావాలని ప్రకటన వేసింది. ఇది పోతే మళ్ళీ ఎప్పుడో ఏమో. మామయ్య ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, రెజ్యూమే రాసిపెట్టమని ఏఐని అడిగాను. నా అనుభవం కింద "ల్యాబ్ కౌంటర్‌లో కూర్చునేదాన్ని, అంతే" అని కొట్టాను.

రెప్పపాటులో పేజీ నిండిపోయింది. చదువుతుంటే ఎవరో గొప్పావిడ గురించి చదువుతున్నట్టుంది. "దార్శనికత గల ఆరోగ్యరంగ నాయకురాలు. రోగులు వేచి ఉండే సమయాన్ని నలభై శాతం తగ్గించారు."

వెనక నిలబడ్డ మామయ్య కళ్ళజోడు సవరించుకున్నాడు. "నలభై శాతమా? సాక్షి ఎవరు?"

"రెజ్యూమేల్లో అందరూ ఇలాగే పెడతారు మామయ్యా."

"నువ్వు లే. నేనడుగుతాను."

కుర్చీ లాక్కుని కూర్చుని ఒంటివేలితో టైపు చేశాడు. ముందు, అంతా నిజమే చెబుతానని దానిచేత ఒప్పించాడు. ఆ తర్వాత అసలు ప్రశ్న వేశాడు: "ఈ అమ్మాయి నలభై శాతం తగ్గించడం నువ్వు కళ్ళారా చూశావా?"

జవాబు వచ్చింది. "క్షమించండి, చూడలేదు. ఆ అంకె నేను ఊహించి పెట్టింది, తీసేస్తాను. ఆమె నిజంగా చేసిన పనులు చెబితే వాటితోనే రాస్తాను."

"ఏమేవ్, ఇలా రా! ఒక్క ప్రశ్నకే ఒప్పేసుకుంది!" మామయ్య సంబరానికి అంతులేదు. "మా కోర్టులో ఇంత మర్యాదగా ఒప్పుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు నేను." ఆ క్షణం నుంచి ఆయనకి ఏఐ అంటే గౌరవం ఏర్పడిపోయింది. "ఇది సాక్షి కాదమ్మా, మాలాగా గుమస్తా. చెప్పింది శుభ్రంగా రాసిపెడుతుంది. సాక్షుల్ని మనమే తేవాలి."

"ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"నీ ఫోనిలా ఇవ్వు."

నేను వద్దు మొర్రో అంటున్నా వినకుండా ల్యాబ్‌లో రక్తం తీసే ఆవిడకి కలిపాడు. మేమంతా ఆవిణ్ణి సూదక్క అనేవాళ్ళం. స్పీకరు కూడా పెట్టాడు.

"నమస్కారమమ్మా. కౌంటర్ అమ్మాయి మేనమామని. రోగులతో ఓర్పుగా ఉంటానని మా పిల్ల రాసుకుంటోంది. నాకు నమ్మకం కుదరటంలేదు. మీరేమైనా చూశారా?"

సిగ్గుతో చచ్చిపోయాను.

"నమ్మకం లేదా! అవేం మాటలండీ?" సూదక్క గొంతు ఇల్లంతా మోగింది. "సూది చూసి ఒక పహిల్వాన్ పారిపోతుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడిందెవరు? ఆయన చెయ్యి పట్టుకుని, నేను రక్తం తీసేదాకా పాట పాడింది మీ పిల్లే. ఆ పాట ఎంత ఘోరమంటే, ఆయనకి సూది గుచ్చినట్టే తెలియలేదు!"

"రాసుకో" అన్నాడు మామయ్య నాతో. "పాట సంగతి వద్దు."

తర్వాత ల్యాబ్ వాచ్‌మన్. హడావుడిలోనూ నేను తొణకనన్నదానికి ఆయన సాక్షి.

"కంప్యూటర్లు చచ్చిపోయిన రోజు చూడాల్సింది సార్! హాల్లో జనం మీదపడి కొడతారేమో అన్నట్టున్నారు. మేడమ్ కుర్చీ ఎక్కి అందర్నీ కూర్చోబెట్టింది. పేర్లు చేత్తో రాసి రక్తం సీసాలకి అంటించింది. ఒక్కరి రిపోర్టు కూడా తారుమారు కాలేదు. ఆవిడ లేకపోతే ఆ రోజు నన్ను చితక్కొట్టేవాళ్ళు."

"కొట్టలేదనడానికి సాక్షి ఎవరు?"

"నా పళ్ళన్నీ ఉన్నాయి కదా సార్!"

మామయ్య తృప్తిగా తలూపాడు. అలా ఒకరి తర్వాత ఒకరు. వాళ్ళు చెబుతుంటే నేను టైపు చేశాను, ఏఐ వాటిని పొందికైన ఆరు వాక్యాలుగా దిద్ది పెట్టింది. శాతాలు లేవు, దార్శనికత లేదు. చదివితే ఎవరో గొప్పావిడ కనబడలేదు, నేనే కనబడ్డాను. ఫరవాలేదు, పనికొచ్చే మనిషినే అనిపించింది.

అయినా మనసులో చిన్న ముల్లు. మామయ్య దాన్ని ప్రింటు తీయించడానికి బజారుకి వెళ్ళగానే అత్తయ్య దగ్గర బయటపెట్టాను. "మామయ్యకి నా మీద బొత్తిగా నమ్మకం లేదు కదూ?"

అత్తయ్య పకపకా నవ్వింది. "పిచ్చిదానా! ఆ పహిల్వాన్ కథ అప్పట్లో నువ్వొచ్చి చెప్పిందేగా? ఆ సాయంత్రమే ఆయన వీధి వీధంతా చెప్పుకుని తిరిగాడు. దర్జీ 'నిజమేనా?' అన్నందుకు వారం రోజులు అతనితో మాట్లాడలేదు. మర్చిపోయింది నువ్వే. సాక్షులు ఆయన కోసం కాదే, నీ కోసం."

తువ్వాలు ఇవ్వడానికి కూడా సాక్షిని అడిగే మనిషి, నన్ను మాత్రం ఏ సాక్షీ లేకుండా నమ్మాడు. నేను అడిగినా ఇంత ధైర్యం ఇంకెవరూ ఇచ్చేవాళ్ళు కాదు. అడక్కుండానే ఇచ్చినందుకు ఆయనకి ఎన్నిసార్లు దండం పెట్టినా తక్కువే.

ఇంటర్వ్యూలో ఆసుపత్రి పెద్ద నర్సమ్మ నా రెజ్యూమే చదివింది. పహిల్వాన్ దగ్గర నవ్వింది. సీసాల దగ్గర ఆగి, రెండోసారి చదివింది. "సోమవారం చేరగలవా?" అంది.

నేను తలూపాను.

"అయితే ఒక్క మాట. నిన్న ఒక పెద్దాయన వచ్చారు. మా ఆయాని, క్యాంటీన్ వంటమనిషిని, గేటు దగ్గర వాచ్‌మన్‌ని విడివిడిగా పిలిచి విచారణ చేశారు. ఇక్కడ జీతం వేళకి ఇస్తారా? ఆడవాళ్ళతో మర్యాదగా మాట్లాడతారా? చెప్పాపెట్టకుండా తలుపుకి తాళం వేసేసే రకమా? ఒక్కోదానికి ఇద్దరేసి సాక్షులు కావాలన్నారు. ఆఖరికి నన్ను కూడా నిలబెట్టి అడిగారు. ఎవరండీ మీరంటే, ల్యాబ్ కౌంటర్‌లో చేసిన మా మేనకోడలు ఇక్కడ పనిచెయ్యొచ్చో లేదో తేల్చుకోవాలి అన్నారు."

నేను తలదించుకున్నాను. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

నర్సమ్మ కూడా నవ్వుతూ ముందుకి వంగింది. "ఇంతకీ మా సంగతి ఏం తేల్చారమ్మా?"

"నన్ను ఇక్కడిదాకా రానిచ్చారంటే, మీరు పాసయినట్టేనండీ."