సర్దుబాటు సంతకం

రోజారమణి మేడం ఛందస్సు చెబుతుంటే వరండాలో పోయేవాళ్లు అది పాఠమనుకునేవాళ్లు కాదు. లోపల ఎవరో విరిగిన బల్ల బాగు చేస్తున్నారనుకునేవాళ్లు. గురువు వచ్చిన చోట అరచేత్తో బల్ల మీద బలంగా ఒక దెబ్బ. లఘువు వచ్చిన చోట చూపుడువేలితో చిన్న చప్పుడు. ముప్పైమందిమీ అలాగే కొట్టాలి. నెల తిరిగేసరికి పద్యం వినపడితే చాలు, చెయ్యి తనంతట తానే లేచేది.

ఆ పద్ధతి ఏ పుస్తకంలోనూ లేదు. ఆలేరులో వాళ్ల బాపు రామచంద్రయ్య మగ్గం నేస్తుంటే వింటూ పెరిగింది ఆమె. అడ్డపోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె జారేటప్పుడు తేలిక చప్పుడు, పోగును దగ్గరికి కొట్టేటప్పుడు బరువు దెబ్బ. బడిలో తెలుగు సారు గురులఘువులు బోర్డు మీద గీసిన రోజున, ఇది మన ఇంట్లో రోజూ వినేదే కదా అనుకుందట. బాపు పోయాక ఆమె తన అమ్మ ఆండాళును తీసుకుని పాలమూరు వచ్చింది. మా యూనివర్సిటీ తెలుగు శాఖలో కాంట్రాక్టు ఉద్యోగం, కిరాయి ఇల్లు, అలా పన్నెండేళ్లు గడిచాయి.

ఈ పన్నెండేళ్లలో ఆమెకు తీరని కోరిక రిఫ్రెషర్ కోర్సు. పాఠం చెప్పేవాళ్లే మళ్లీ విద్యార్థుల్లా కూర్చుని కొత్త సంగతులు నేర్చుకుని వచ్చే కోర్సు అది. హైదరాబాదులో రెండు వారాలు. పోయొచ్చినవాళ్లు భుజాన ఒక నల్ల బ్యాగుతో దిగుతారు. మా శాఖ పెద్ద రాజేందర్ సార్ దగ్గర అలాంటివి ఆరున్నాయి. ఒకదాంట్లో టిఫిన్ డబ్బా తెచ్చుకునేవారు. ఆ బ్యాగు బల్ల మీద ఉన్నంతసేపూ మేడం దాన్ని చూడకుండా ఉండలేకపోయేది. ఆమె నాలుగుసార్లు దరఖాస్తు పెట్టింది. నాలుగుసార్లూ రెగ్యులర్ వాళ్లకే అని వెనక్కి వచ్చింది.

నేను ఎం.ఏ. రెండో సంవత్సరంలో ఉండగా, కాంట్రాక్టు వాళ్లు కూడా రావచ్చని మొదటిసారి సర్క్యులర్ వచ్చింది. శాఖకు ఒక్కరే. ఆ ఒక్కరు మానస అయ్యింది.

మానసది కొత్తకోట దగ్గరి పల్లె. తండ్రి జానయ్యకు గొర్ల మంద ఉంది. రోజారమణి మేడం దగ్గరే ఎం.ఏ. చదివి, మూడేళ్ల కింద అదే శాఖలో చేరింది. గట్టి గొంతు, గలగల నవ్వు. ఆమె క్లాసుకు చరిత్ర శాఖ పిల్లలు కూడా వచ్చి వెనక కూర్చునేవాళ్లు. ఎంతమంది వస్తున్నారో మానసకంటే మేడంకే బాగా తెలుసు.

ఆ మధ్యాహ్నం మేడం నేరుగా రాజేందర్ సార్ గదికి పోయింది. నేను అక్కడే బీరువా ముందు కింద కూర్చుని పాత పుస్తకాలకు నంబర్లు వేస్తున్నాను. నేనున్నానన్న సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు.

"సార్, నేను పన్నెండేండ్ల సంది చేస్తున్న. ఆమె మొన్న మొన్న వచ్చింది."

"నాకు తెల్వదా మేడం? గని మీ ఫారం మీరే చూడుండ్రి." సార్ కాగితం ఇటు తిప్పారు. "మీరు లేనప్పుడు మీ క్లాసులు ఎవరు తీస్కుంటరు? గీ గడి ఖాళీ వదిలిండ్రు. గిది ఖాళీ ఉంటే పైకి పంపనీకి రాదు. మానస అన్ని గడులు నింపింది."

"ఎవరి పేరు రాసింది?"

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ పేరే."

మేడం ఆ గడిని మరిచిపోయి వదిలెయ్యలేదు. మా శాఖలో ఛందస్సు, వ్యాకరణం చెప్పగలిగినవాళ్లు ఇద్దరే. తాను పోవాలంటే మానస పేరు రాయాలి. తన దగ్గర గురులఘువులు నేర్చుకున్న పిల్లను పోయి అడగాలి. అదొకటి. రెండు వారాలు తన క్లాసు మానస చేతిలో పెడితే, తిరిగొచ్చాక పిల్లలు ఆమెనే కావాలంటారేమోనని భయం, అది ఇంకొకటి. రెండోది ఆమె నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది.

పేరు రాస్తే సరిపోదు. ఆ పేరుగల మనిషి సర్దుబాటు కాగితం మీద సంతకం పెడితేనే రిలీవింగ్ ఆర్డరు వస్తుంది. బుధవారం మానస ఆ కాగితం పట్టుకుని వచ్చింది. శుక్రవారం సాయంత్రంలోగా ఇవ్వాలి.

"ఏందే, నన్ను అడగకుంటనే నా పేరు రాసినవు?"

"మీరు కాదంటరా మేడం!"

"పెట్టిపో. చూస్త."

రెండు రోజులు ఆ కాగితం మేడం సంచిలోనే తిరిగింది. గురువారం పొద్దున ఆండాళు కూరగాయలు తరుగుతూ చూసీ చూసీ అడిగిందట.

"ఏంది బిడ్డా, గా సంచి తీస్తున్నవ్, చూస్తున్నవ్, మళ్ల పెడుతున్నవ్. బంగారమున్నదా అండ్ల?"

"మానస కాగితమమ్మా. నేను సంతకం పెడితే హైదరాబాద్ పోతది. పెట్టకుంటే ఆగుతది."

"అది ఆగితే నువ్వు పోతవా?"

"లే. ఎవ్వరం పోం."

"మరి నీకేమొస్తది?"

"నిమ్మలమొస్తది."

ఆండాళు నవ్వింది. "మీ బాపు గూడ గిట్లనే. పక్కింటాయన చీర ముందుగాల మగ్గం దిగితే ఆ పూట బువ్వ తినకపోతుండె. గని గాయన బజార్ల పడుగు సాపితే మాత్రం అందరికన్న ముందు పోయి పట్టుకుంటుండె. మొఖం గింత పెట్టుకొని, ఒక్క మాట మాట్లాడకుంట పట్టుకుంటుండె."

పడుగంటే మగ్గానికెక్కే నిలువు పోగులు. వీధి పొడుగునా చాపి గంజి పెట్టాలంటే ఒక్క ఇంటి చేతులు చాలవు.

"మాట్లాడనోడు పోవుడెందుకు?"

"తెల్లారి మన పడుగు ఎవరు పడ్తరే, నీ తాతనా?"

మేడం సంచి భుజాన వేసుకుని బయల్దేరింది. ఆ రోజు సంతకం మాత్రం పెట్టలేదు.

శుక్రవారం మూడు గంటలకు మేడం మొదటి సంవత్సరం గది ముందు నుంచి పోతుంటే లోపల బల్లల మోత వినిపించింది. అరచెయ్యి, వేలు, అరచెయ్యి. మానస పాఠం. మేడం కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మా బాపు మగ్గాన్ని విప్పుకపోయి మానస దాని ఇంట్ల వేసుకున్నట్టే అనిపించిందని ఆమె తర్వాత నాతో అన్నది. మానస ఆమెను చూసి గుమ్మం దాకా వచ్చింది.

"రాండ్రి మేడం."

"రాను. మూడో గణం తప్పు కొట్టిండ్రు మీ పిల్లలు. చివర గురువుండాలె. వేలుతోని కొట్టిండ్రు."

మానస నాలుక కరుచుకుంది. "అవు మేడం. నేనే తప్పు చెప్పిన."

మేడం సంచిలోంచి కాగితం తీసింది. గోడకు ఆనించి సంతకం పెట్టింది. పెన్ను ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితానికి చిన్న చిల్లు పడింది. "గిదే చెప్పిపోదామని ఆగిన" అని కాగితం చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

సోమవారం నుంచి ఆ క్లాసు ఆమెకే వచ్చింది. నా హాస్టల్ గదిలో ఉండే మల్లిక అందులోనే చదివేది. మొదటి రోజు మేడం అరచెయ్యి ఎత్తి బల్ల మీద కొట్టగానే మల్లిక లేచి నిలబడిందట.

"మేడం, మానస మేడం గూడ గిట్లనే చెప్తది. మీరు ఆమె దగ్గర నేర్చుకున్నరా?"

మేడం చెయ్యి బల్ల మీదే ఉండిపోయింది.

"కూసో. పెన్ను తియ్యి. అందరు తియ్యండ్రి. రాసుకోండ్రి: మానస నా దగ్గర నేర్చుకున్నది."

అందరూ రాసుకున్నారు. మల్లిక నోట్సులో ఆ వాక్యం ఇప్పటికీ ఉంది, కింద గీత గీసి.

రెండు వారాలకు మానస నల్ల బ్యాగుతో దిగింది. శాఖలో అందరినీ కూర్చోబెట్టి అక్కడి ముచ్చట్లు చెప్పింది. మేడం పేపర్లు దిద్దుతున్నట్టు తల వంచుకుని ఒక్క ముక్క వదలకుండా వింది. చివరి రోజు తలా ఒక నమూనా పాఠం చెప్పాలట. మానస బల్ల కొట్టి ఛందస్సు చెబితే హాలంతా చప్పట్లట.

మేడం తల ఎత్తింది. "ఎవరు నేర్పిండ్రని అడగలేదా?"

"అడగలే మేడం. అడిగితే చెప్పేదాన్నే."

ఆ తర్వాత పదిహేను రోజులు మేడం మానసతో మాట్లాడలేదు. చాక్‌పీసు కావలసి వచ్చినా అటెండరుతో అడిగించేది.

మరుసటి ఏడు మళ్లీ సర్క్యులర్ వచ్చింది. ఈసారి సర్దుబాటు సంతకం కూడా ఫారం గడిలోనే పెట్టించాలి. అప్పటికి నేను అదే శాఖలో పరిశోధనకు చేరాను. మేడం ఫారం అంతా ఒక్క ఊపులో నింపింది, ఆ ఒక్క గడి తప్ప. మూడు రోజులు అది ఖాళీగా బల్ల మీదే ఉంది. నాలుగో రోజు భోజనాల వేళ లేచి వెళ్లి, దాన్ని మానస టిఫిన్ డబ్బా పక్కన పెట్టింది.

"జర నీ పేరు రాసి సంతకం పెట్టు."

మానస ఎడమచేత్తో పెన్ను మూత తీసి, పచ్చడన్నం కలిపిన కుడిచేతి కొనవేళ్లతోనే పెన్ను పట్టుకుంది. ఏం కాగితమో చదవలేదు. పేరు రాసింది, సంతకం పెట్టింది. గడి మూలకు నూనె మరక అంటింది. "పోయిరాండ్రి మేడం" అని మళ్లీ తినడం మొదలుపెట్టింది.

ఆ మరకతోనే ఫారం పైకి పోయింది. ఆ ఏడు కోర్సుకు పోయింది రోజారమణి మేడమే. ఇప్పుడామె టిఫిన్ డబ్బా కూడా నల్ల బ్యాగులోనే వస్తుంది. ఆ కోర్సు ముచ్చట అడిగితే మాత్రం ముందు హైదరాబాదు గురించి చెప్పదు.

"నేను దాని కాగితం రెండు దినాలు సంచిల పెట్టుకొని తిరిగిన. అది నా కాగితం రెండు నిమిషాలు గూడ ఉంచుకోలే" అంటుంది. "గట్ల ఎట్ల పెట్టింది? గట్ల పెట్టనీకి నాకెందుకు రాలే?"