ముత్యాలప్ప కూతురికి ఏ కరెంటు మంచిది?

పుంగనూరు చుట్టుపక్కల ముత్యాలప్ప ఎక్కని కరెంటు స్తంభం లేదంటే కాస్త ఎక్కువ చేసి చెప్పినట్టే గానీ, అతన్ని ఎరగని రైతు మాత్రం లేడు. టమోటా తోటలో మోటారు ఆగిపోతే ఎవరైనా ముందు దేవుణ్ణి కాదు, లైన్‌మన్‌నే తలచుకుంటారు. అరవై దాటాయి, ఇంకో ఏడాదిలో రిటైరు. పొట్ట పెరిగింది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అయినా నడుముకు బెల్టు బిగించి పైకి పోవడం మానలేదు. ఉరుముకు బెదరడు, పదకొండు కేవీ లైనుకు బెదరడు. అలాంటి మనిషికి రెండు కాగితాలు చూసినప్పటి నుంచి పది రోజులుగా అన్నం సయించడం లేదు.

ఆ కాగితాలు కూతురు రేవతికి వచ్చిన ఉద్యోగాలవి. మదనపల్లెలో ఇంజనీరింగు చదివిన పిల్ల. ఒకటి తమిళనాడు సముద్రం ఒడ్డున ఉన్న అణు విద్యుత్ కేంద్రంలో. రెండోది అనంతపురం దిక్కున కొండల మీద గాలిమరలు బాగుచేసే కంపెనీలో. సోమవారం లోపల ఏదో ఒకదానికి సరేనని జవాబు పెట్టాలి. రేవతి తండ్రినే అడిగింది: ముప్పై ఏళ్ళు కరెంటుతో కాపురం చేసినవాడివి, ఏది మంచిదో నువ్వే చెప్పు, దాంట్లోనే చేరతాను అని. ఆ మాట అనేసి పిల్ల హాయిగా తిరుగుతోంది. భారమంతా వచ్చి ఈయన నెత్తిన పడింది.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అణు కేంద్రం అనగానే అతనికి కంటికి కనబడని విషం గుర్తొస్తుంది. కరెంటు తీగ అయితే కనీసం గుయ్యిమంటుంది, కాలిన వాసన వస్తుంది. దీనికి వాసనా లేదు, చప్పుడూ లేదు, ఒంట్లో చేరినట్టు కూడా తెలియదట. పోనీ గాలిమర అనుకుంటే, అది తొంభై మీటర్ల ఎత్తు. తొమ్మిది మీటర్ల స్తంభం మీద నుంచి జారిపడ్డ వాళ్ళనే మోసిన చేతులు అతనివి. రెండూ వద్దు, మదనపల్లెలోనే ఏదైనా బడిలో పంతులమ్మగా చేరమ్మా అనే మాట రోజుకు నాలుగుసార్లు నోటి దాకా వచ్చి ఆగిపోతోంది.

భార్య రెడ్డెమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. తక్కువ మాట్లాడే మనిషి. ఒకరోజు కంచంలో చెయ్యి పెట్టి ఊరకే కూర్చున్న మొగుణ్ణి చూసి, నీ భయం పాపను గురించా, మునికుమార్‌ను గురించా అని అడిగింది. ముత్యాలప్ప లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మునికుమార్ సంగతి ఇరవై ఏళ్ళ నాటిది. అప్పట్లో ఇద్దరూ కుప్పం దగ్గర శాంతిపురంలో పనిచేసేవాళ్ళు. లైన్‌మన్లకు ఒక అలవాటు ఉంది. స్తంభం ఎక్కేముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు పీకి జేబులో వేసుకుంటారు. అక్కడే వదిలేస్తే ఏ రైతో నీళ్ళ తొందరలో మళ్ళీ పెట్టేస్తాడని భయం. ఫ్యూజులు జేబులో ఉన్నాయంటే లైను చచ్చినట్టే లెక్క. ఆ రోజు కూడా ముత్యాలప్ప జేబు తట్టి చూపించి, "ఈడనే ఉండాయి, ఎక్కప్పా" అన్నాడు. కరెంటు పోయిందని పక్కనున్న గ్రానైటు షెడ్డువాళ్ళు జనరేటరు వేశారు. దాన్ని లైను నుంచి విడదీయకుండానే వేశారు. ఆ కరెంటు వెనక్కి, మునికుమార్ పట్టుకున్న తీగలోకి ఎక్కింది. ముందుగా తీగను భూమికి కలిపి ఉంటే ఏమీ అయ్యేది కాదు. జేబులోని ఫ్యూజులను నమ్ముకుని ఇద్దరూ ఆ పని చెయ్యలేదు.

మునికుమార్ బతికాడు. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. ఇప్పుడు కుప్పంలో టీ అంగడి పెట్టుకుని ఎడమచేత్తోనే గ్లాసులు అందిస్తాడు. ముత్యాలప్ప కనబడితే కోపం లేకుండా, బాగుండావాప్పా అని పలకరిస్తాడు. ఆ పలకరింపునే ఇతను తట్టుకోలేడు. ఆ తర్వాత ముత్యాలప్ప ఎవరినీ స్తంభం ఎక్కమనలేదు. కింద కుర్రవాళ్ళు ఇద్దరున్నా తనే ఎక్కుతాడు. ఊళ్ళో వాళ్ళు అది ధైర్యమనుకుంటారు. నిజానికి అది పచ్చి పిరికితనమని ఇంట్లోవాళ్ళకు తెలుసు.

శనివారం సాయంత్రానికి రేవతి ఓపిక తరిగింది. తండ్రిని వరండాలో కూర్చోబెట్టి కాగితం మీద గీసి చూపించింది. పెద్ద అణు రియాక్టరు ఒకటి ఉందనుకో, పగలూ రాత్రీ తేడా లేకుండా వెయ్యి మెగావాట్ల దాకా ఇస్తూ పోతుంది. గాలిమర పేరుకు రెండున్నర మెగావాట్లు, ఏడాది మొత్తం మీద సగటు తీస్తే అందులో పావు వంతే నికరంగా చేతికొస్తుంది. ఆ ఒక్క రియాక్టరుకు సరితూగాలంటే దాదాపు పదహారు వందల గాలిమరలు కావాలి. ముత్యాలప్ప లైన్‌మన్ కదా, ఈ లెక్క వినగానే కాసేపు భయం మరిచిపోయాడు. గాలి లేని నెలల్లో లోడు ఎవరు మోస్తారు అన్నాడు. రియాక్టరు ఆగిపోతే ఒక్కసారిగా వెయ్యి మెగావాట్లు పోతాయే, అప్పుడో అన్నాడు. ఒక గాలిమర చెడితే పక్కది తిరుగుతూనే ఉంటుంది, అదీ మంచిదే అన్నాడు. కూతురు మెచ్చుకోలుగా చూసింది.

ఆ తర్వాత అసలు సంగతికి వచ్చారు. రేవతి చెప్పింది ఇది: వచ్చే ప్రతి యూనిట్ కరెంటుకూ ఎంతమంది పోతున్నారని లెక్క తీస్తే, పెద్ద ప్రమాదాలను కూడా కలుపుకున్నా, ఈ రెండింటిలోనూ చాలా తక్కువ. బొగ్గు పొగ వల్ల పోయేవాళ్ళతో పోలిస్తే లెక్కలోకే రారు. రెండింటిలో ఏది ఎక్కువ క్షేమం అంటే, తేడా వెంట్రుకవాసి.

"వెంట్రుకవాసి అయినా తేడా తేడానే కదమ్మా," అన్నాడు ముత్యాలప్ప. "ఆ వెంట్రుక యా పక్క ఉండాదో సెప్పు."

రేవతి కాగితం మడిచి లోపలికి పోయింది. లెక్కలతో తెగని గొడవను దేవత దగ్గర తెంచుకుందామని ముత్యాలప్ప అప్పుడే నిర్ణయించుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే కూతుర్ని బండి మీద ఎక్కించుకుని చౌడేపల్లె మీదుగా బోయకొండకు పోయాడు. అక్కడ గంగమ్మను పూలు అడగడం ఆనవాయితీ. మనసులో మాట అనుకుంటే పూజారి అమ్మవారి శిరసు మీద పూవు పెడతాడు. కుడివైపు రాలితే ఔనని, ఎడమవైపు రాలితే కాదని, నడుమ పడితే ఆలస్యమని. మూడు పూలతో అడుగుతారు. ఒక్క కోరికను మూడుసార్లు అడిగేవాళ్ళుంటారు. ముత్యాలప్ప మాత్రం రెండు ఉద్యోగాలకు రెండు పూలు లెక్కపెట్టుకున్నాడు. ఒకటి కుడికి, ఒకటి ఎడమకు పడతాయి, పీడ వదులుతుంది.

గాలిమర క్షేమమేనా తల్లీ అనుకున్నాడు. పూవు కుడికి రాలింది. మరి అణు కేంద్రమో అనుకున్నాడు. చాలాసేపు పూవు కదల్లేదు. వెనుక వరుసలో జనం గొణుగుతున్నారు. చివరికి అదీ కుడికే రాలింది.

కూతురి లెక్కే చెప్పినట్టుంది గంగమ్మ తల్లి కూడా. ఇంక సాకు మిగల్లేదు. తేల్చాల్సింది మళ్ళీ తన నోరే. ఇంకొకరిని ఎక్కమని చెప్పడం, ఇరవై ఏళ్ళుగా తప్పించుకు తిరిగిన పని అదే.

"ఇంకొకటుంది, ఏమడగతావప్పా?" అన్నాడు పూజారి.

రేవతి తండ్రి చెవి దగ్గర చెప్పింది: "నిన్ను గురించి అడుగు నాయనా. ఇంకో ఏడాది స్తంభాలెక్కతావే, అది క్షేమమా అని."

అడుగుదామనే అనుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు కూడా. మాట మనసులోకి రాలేదు. ఆ పూవు ఎడమకు పడితే? ఈ పిల్ల ముందర, అందరూ చూస్తుండగా ఎడమకు పడితే? కళ్ళు తెరిచి, "నాకు బయమేస్తాండాది. నువ్వే అడుగమ్మా," అన్నాడు.

"నేను బడికి పోయే కాడి నుంచి దినామూ అడగతానే ఉండా నాయనా," అంది రేవతి. "అమ్మ కూడా. నువ్వు బండి స్టాండు వేసిన సప్పుడు ఇనపడే దాకా అడగతానే ఉంటాం."

ముత్యాలప్ప తల దించుకున్నాడు. వాన పడిన రోజున ఎప్పుడు ఇంటికి పోయినా ఇద్దరూ గుమ్మం దగ్గరే ఎందుకుంటారో అతనెన్నడూ అడగలేదు. వద్దు స్వామీ, చాలు అని పూజారికి దండం పెట్టి పక్కకు జరిగాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాక, నీకు యాది ఇష్టమమ్మా అని మొదటిసారి అడిగాడు. గాలిమర అంది రేవతి, ఆలోచించకుండా. పైనుంచి ఊళ్ళన్నీ కనబడతాయంట అంది. అతను ఒకసారి కొండ కింద ఊళ్ళ వైపు చూశాడు.

"పో. సేరు," అన్నాడు.

పిల్ల అక్కడే ఫోన్ తీసి జవాబు పెట్టింది. ముత్యాలప్పకు భయం ఆవగింజంత కూడా తగ్గలేదు. రేపటి నుంచి ఫోన్ మోగితే ఉలిక్కిపడేది తనే. రెడ్డెమ్మ ఇన్నేళ్ళూ ఇలాగే బతికిందా అనుకున్నాడు. ఇంటికి పోగానే ఆమెకేదైనా చెప్పాలనిపించింది, ఏం చెప్పాలో తెలియలేదు.